ఊరకున్న యంత్రమునకు శ్రమ యెందులకు?

గత వేసవి సెలవులలో నొకనాటి యుదయమున మన పాఠశాల కావలివాడు మాయొద్దకు వచ్చి, "అయ్యా, కంప్యూటరు గదికి తాళం వేసి పది రోజులైంది. లోపల పిల్లలెవ్వరూ లేరు. కాని ఆ మూలనున్న పెద్దపెట్టె రాత్రంతా రొప్పుతూనే ఉందండి" అని చెప్పెను. మేము పోయి తలుపు తీయించి చూచితిమి. బల్లలపైనున్న తెరలన్నియు నల్లగా నుండెను. మూలనున్న పెద్దయంత్రపు పంకా మాత్రము పూర్ణవేగముతో తిరుగుచుండెను. దాని వెనుకనుండి వచ్చు గాలి చేతికి వేడిగా తగిలెను. కరెంటు పోయినపుడు మూడు గంటలు నిలువవలసిన ఇన్వర్టరు బ్యాటరీలు గంటన్నరకే చాలించుకొనుట మేము అంతకు ముందే గమనించియుంటిమి. ఈ రెండును ఒక్క రోగమునకే చిహ్నములని యప్పుడు తోచెను.

ఈ సంగతి ఉపాధ్యాయుల గదిలో ప్రస్తావనకు రాగా మూడు విధములైన యభిప్రాయములు బయలుదేరెను. యంత్రము పాతబడినది గాన గ్రంథాలయమునకై కూర్చిన ధనములో కొంత తీసి క్రొత్తది కొనుట మేలని కొందఱనిరి. వైరసు పట్టినదని కొందఱనిరి. సాయంకాలములందు ఆ గదిలో నాలస్యముగా నుండు పదవ తరగతి బాలుడొకడు ఏదో యాట కార్యక్రమమును లోపల దాచియుండునని మఱికొంద ఱనుమానించిరి. ఆ బాలునియొద్ద నుండు తాళపుచెవిని తిరిగి పుచ్చుకొనుట కూడ జరిగెను. మేమా మాటను సమర్థింపలేదు, ఖండింపను లేదు. ఊరకుంటిమి. ఆ యూరకుండుట సరికాదని పిదప తెలిసికొంటిమి.

కారణమును మేమెట్లు కనుగొంటిమో, ఏయే మెట్లమీదుగా పోయితిమో, ఈ వ్యాసమున విద్యార్థులకు ఉపయోగపడునట్లు వివరింతుము.

అతిథియు నాతిథేయియు

ఒక్క కంప్యూటరునందే పెక్కు కంప్యూటరులు నివసించునట్లు చేయు విద్య యొకటి కలదు. లోపల నివసించు ప్రతి యంత్రమును తనకు సొంత ప్రాసెసరు, సొంత జ్ఞాపకశక్తి, సొంత డిస్కు కలవని భావించును. నిజమునకు అవన్నియు బయటియంత్రము పంచియిచ్చినవే. ఇట్టి లోపలి యంత్రమునకు వర్చ్యువల్ మెషీను, అనగా కల్పితయంత్రము, అని పేరు. దానికి ఆశ్రయమిచ్చు నసలు యంత్రమును ఆతిథేయి యనియు, ఆశ్రయము పొందు కల్పితయంత్రమును అతిథి యనియు వ్యవహరింతురు. ఈ రెంటి నడుమ నుండి ఎవరి వంతు ఎవరికి ఎప్పుడు రావలెనో నిర్ణయించు కార్యక్రమమునకు హైపర్‌వైజరు అని పేరు. ఆతిథేయిని సత్రముగా భావించినచో హైపర్‌వైజరు సత్రపు కాపరి యగును.

ఈ విద్య క్రొత్తది కాదు. 1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐబీయమ్ సంస్థవారు దీనిని తమ మహాయంత్రములపై నెలకొల్పిరి. 1972లో వారు వీయమ్-370 అను పేర దీనిని లోకమునకు ప్రకటించిరి. సామాన్యులు వాడు చిన్న కంప్యూటరులకు 1999లో వీయమ్‌వేర్ సంస్థవారు దీనిని తెచ్చిరి. 2005, 2006 సంవత్సరములలో ఇంటెల్, ఏయమ్‌డీ సంస్థలవారు ఈ పనికి తోడ్పడు ప్రత్యేకశక్తిని ప్రాసెసరులలోనే పొందుపఱచిరి. 2007లో కేవీయమ్ అను హైపర్‌వైజరు లైనక్సు కెర్నెలులో భాగమయ్యెను. మన పాఠశాలలో నున్నది ఈ కేవీయమే.

మన యాతిథేయికి నాలుగు ప్రాసెసరులు కలవు. దానియందు ఆరుగు రతిథులు. విద్యార్థుల యభ్యాసమునకు నాలుగు విండోసు యంత్రములు. గ్రంథాలయపు పట్టికకొఱకు పాత లైనక్సు యంత్ర మొకటి. చిరకాలము క్రిందట వ్రాయించిన ఫీజుల లెక్కల కార్యక్రమమునకై డాసు యంత్ర మొకటి. కచేరీ పనికి చివరి రెండును నిత్యము కావలసియుండుటచే సెలవులలో సైతము ఆతిథేయిని ఆపుట లేదు. విండోసు యంత్రములనైనను ఆపవచ్చును గదా యని చదువరు లడుగవచ్చును. నిజమే; ఆపుట మంచిదే. కాని కారణము తెలియక యాపినచో బడి తెఱచిన నాడు మఱల నదే బాధ కలుగును.

ఊరకుండుట యనగా నేమి?

మనుష్యుడు పనిలేనపుడు కూర్చుండును. ప్రాసెసరునకు కూర్చుండు స్వభావము లేదు. ఒక యాజ్ఞ ముగియగానే మఱొక యాజ్ఞను చేపట్టుటయే దాని ధర్మము. కావున దానికి విశ్రాంతి నొసంగుటకై హాల్ట్ అను ప్రత్యేకమైన యాజ్ఞ యొకటి యేర్పఱుపబడినది. చేయవలసిన పని లేనపుడు, విండోసు గాని లైనక్సు గాని ఈ యాజ్ఞ నిచ్చును. వెంటనే ప్రాసెసరు నిద్రించును. కీబోర్డు నొక్కినను, గడియారము మ్రోగినను, వల నుండి వార్త వచ్చినను అది మేల్కొనును. ఇట్లు మేల్కొలుపు సంకేతమునకు ఇంటరప్టు, అనగా అంతరాయము, అని పేరు.

అతిథి హాల్ట్ అనగానే హైపర్‌వైజరు దాని వంతును తీసికొని పనియున్న మఱొక యతిథికి ఇచ్చును. ఎవ్వరికిని పనిలేనిచో ఆతిథేయియే నిద్రించును. కావున నిజముగా నిద్రించు నతిథివలన ఆతిథేయికి శ్రమ దాదాపు లేదు. మఱి యూరకున్న యతిథులవలన శ్రమ యెట్లు కలుగును? దీనికి మూడు మార్గములు కలవు.

సత్రములో నొక యతిథి కలడనుకొందము. అతనికి పడుకొనుట యనునదే తెలియదు. తెల్లవారువఱకు గదిలో నిటునటు పచారు చేయుచుండును. ఇది మొదటి మార్గము. రెండవ యతిథి పడుకొనును గాని క్షణక్షణమునకు, "కాపరీ, గంట యెంతైనది?" అని పిలుచును. కాపరి ప్రతిసారి లేచి, దీపము వెలిగించి, గడియారము చూచి, బదులు చెప్పి, మఱల పడుకొనవలెను. ఇది రెండవ మార్గము. మూడవదానియందు అతిథి దోషము లేదు. మఱల పిలుచునేమో యని కాపరియే కొంతసేపు తలుపుకడ నిలువబడియుండును. మన సత్రమున ఈ మూడును గలవని తుదకు తేలెను.

గడియారపు పిలుపులు

రెండవ మార్గమే మిక్కిలి తఱచైనది గాన దానిని కొంచెము విపులముగా తెలిసికొనవలెను. కంప్యూటరును నడపు మూలకార్యక్రమము కాలమును లెక్కించుటకై నియమితమైన వేళలకు గడియారపు అంతరాయమును తెప్పించుకొనును. పూర్వము లైనక్సునందు ఇంటెల్ యంత్రములపై సెకనునకు 100 అంతరాయములుండెడివి. 2003లో వెలువడిన 2.6 కెర్నెలునందు అవి 1000 చేయబడెను. 2005లో 250 సాధారణ సంఖ్యగా నేర్పడెను. పనిలేనపుడు ఈ పిలుపులు బొత్తిగా మానివేయు పద్ధతి 2007లో 2.6.21 కెర్నెలుతో ఇంటెల్ యంత్రములకు వచ్చెను.

ఒంటరి యంత్రమునకు సెకనునకు 1000 అంతరాయములు పెద్దభారము కావు. అతిథులు పెక్కండ్రైనపుడు లెక్క మాఱును. అయిదుగు రతిథులు కలరనుకొనుడు. ఒక్కొక్కరికి నాలుగు కల్పిత ప్రాసెసరు లిచ్చితి మనుకొనుడు. అయిదు నాలుగులు ఇరువది. ఇరువదిని 1000 చే గుణింపగా సెకనునకు 20,000 పిలుపులు! ఒక్కొక్క పిలుపునకు ఆతిథేయి లేచి బదులు చెప్పుటకు సెకనులో లక్షవ వంతు పట్టునని యెంచినను, మొత్తము సెకనులో నైదవ వంతగును. ఎవ్వరును ఏ పనియు చేయకుండగనే యొక ప్రాసెసరులో నైదవ భాగము ఖర్చైపోయినది.

ఐబీయమ్ మహాయంత్రములపై వందలకొలది లైనక్సు అతిథులను నిలిపినవారు ఈ బాధను ముందుగానే యనుభవించిరి. అచ్చట సెకనునకు 100 పిలుపులే యైనను అతిథుల సంఖ్యచే నది భరింపరానిదయ్యెను. అందుచే ఆ యంత్రములకు వాడు లైనక్సునందు, ఊరకున్నపుడు గడియారపు పిలుపును ఆపివేయు నేర్పాటు ఇంటెల్ యంత్రములకంటె ముందే చేయబడెను.

కొలుచుటకు ముందు తెలియవలసినవి

రోగమునకు మందు వేయుటకు ముందు నాడి చూడవలెను. మేము మూడు నియమములు పెట్టుకొంటిమి. మొదటిది, ఒకసారి ఒక్క మార్పే చేయుట. రెండవది, మార్పునకు ముందును, తరువాతను, ఒకే తీరున కొలిచి పుస్తకమున వ్రాసికొనుట. మూడవది, అతిథిని ప్రారంభించిన వెంటనే కొలువక అరగంట వేచియుండుట. ఏలయన, విండోసు ప్రారంభమైన పిదప కొంతసేపు క్రొత్త మరమ్మతులను వెదకుకొనుట, దస్తరములను పట్టికవేసికొనుట, వైరసులకై గాలించుట మొదలగు పనులు చేయుచుండును. అది నిజమైన పనియే గాని మనము వెదకు రోగము కాదు.

అంకెలను చదువుటయందు రెండు మోసములు కలవు. లైనక్సు ఆతిథేయిపై టాప్ అను ఉపకరణము చూపు 100 అనగా ఒక్క ప్రాసెసరు పూర్తిగా నిండినదని యర్థము; నాలుగు ప్రాసెసరుల యంత్రమున మొత్తము 400. విండోసులోని టాస్క్ మేనేజరునందు 100 అనగా తనకున్న ప్రాసెసరులన్నియు నిండినవని యర్థము. ఈ రెంటిని కలిపి చదివినవాడు తప్పక పొరబడును. ఇక రెండవ మోసము: నేటి ప్రాసెసరులు పని తక్కువైనపుడు వేగమును తామే తగ్గించుకొనును. 3200 మెగాహెర్ట్జుల ప్రాసెసరు 800 కు దిగియున్నపుడు నూటికి 20 అని కనబడిన పని పూర్ణవేగమున నూటికి 5 మాత్రమే. కావున అంకెతోపాటు వేగమును కూడ చూచి వ్రాసికొనవలెను.

లోపలి కొలతయు బయటి కొలతయు

కేవీయమునందు ప్రతి యతిథియు ఆతిథేయిపై నొక కార్యక్రమముగా కనబడును. కావున టాప్ తెఱవగానే ఎవరి లెక్క యెంతయో తెలిసెను. డాసు యంత్రము 100. నాలుగు విండోసు యంత్రములు ఒక్కొక్కటి సుమారు 25. పాత లైనక్సు సుమారు 15. మొత్తము 400 లో 215. సగమునకు పైగా!

పిమ్మట ఒక విండోసు యంత్రములోనికి పోయి దాని టాస్క్ మేనేజరును చూచితిమి. అది నూటికి ఒకటి రెండు మాత్రమే చూపెను. బయటివాడు చాల పని జరుగుచున్నదనును; లోపలివాడు పనియే లేదనును. ఇరువురిలో నెవడు అబద్ధమాడుచున్నాడు? ఎవడును లేడు. అతిథి లెక్కించునది తాను మేల్కొని తనకై చేసికొన్న పనిని మాత్రమే. తన పిలుపులకు బదులు చెప్పుటకై కాపరి లేచి చేసిన సేవ యా లెక్కలోనికి రాదు. అది ఆతిథేయి ఖాతాలో పడును. ఈ యొక్క సంగతి తెలియనందుననే పలువురు అతిథిలోపల వైరసును వెదకుచు దినములు గడపుదురు. లోపల తక్కువయు బయట ఎక్కువయు నున్నచో, చూడవలసినది అతిథి చేయు పనిని కాదు. అతిథికిని కాపరికిని నడుమ జరుగు రాకపోకలను.

మొదటి యతిథి: డాసు

డాసు పుట్టిన కాలమున ఒక యంత్రమునందు ఒక్క కార్యక్రమమే నడిచెడిది. పనిలేనపుడు ప్రాసెసరును నిద్రపుచ్చవలెనను తలంపు అప్పటివారికి లేదు. మీట నొక్కుటకై ఎదురుచూచునపుడు డాసు, "నొక్కిరా? నొక్కిరా?" యని యెడతెగక అడుగుచు తిరుగుచుండును. విండోసు 95 కూడ నిట్టిదే. ఇట్టి యతిథి యేపనియు లేకున్నను ఒక ప్రాసెసరును పూర్తిగా మ్రింగివేయును. టాప్ చూపిన 100 ఇదియే.

దీనికి చికిత్స సులభము. ఎదురుచూచు సమయమున హాల్ట్ ఆజ్ఞ నిచ్చు చిన్న కార్యక్రమములు డాసునకు కలవు. డాస్-ఐడిల్ అట్టిది. ఫ్రీడాసుతో వచ్చు ఎఫ్‌డీ-ఏపీయమ్ అట్టిది. మేము రెండవదానిని ప్రారంభపు పట్టికలో చేర్చితిమి. 100 ఉన్న అంకె 2 అయ్యెను. ఫీజుల లెక్కల కార్యక్రమము ఎప్పటివలెనే నడచెను. ఇరువది యేండ్లనాటి గుమాస్తాకు కూర్చుండుట నేర్పినట్లైనది.

రెండవ రకము: విండోసు యంత్రములు

ఇచ్చట రాకపోకలను లెక్కింపవలసివచ్చెను. లైనక్సునందు పెర్ఫ్ అను ఉపకరణమున కేవీయమ్ స్టాట్ అను భాగము కలదు. అతిథి ఎన్నిసార్లు కాపరిని పిలిచెనో, ఏయే కారణములచే పిలిచెనో, అది పట్టికవేసి చూపును. మేము కొంతసేపు దానిని నడిపి చూడగా, హాల్ట్ వలని రాకపోకలకంటె మిక్కిలి యధికముగా ద్వారములను చదువుటవలని రాకపోకలు కనబడెను. ఆ ద్వారముల సంఖ్యలు, పదునారింటి సంఖ్యామానమున, 70 మఱియు 71. ఇవి కంప్యూటరులోని బ్యాటరీ గడియారపు ద్వారములు.

అర్థమిది: ఈ విండోసు యంత్రములు పాతకాలపు గడియారముమీద నాధారపడి కాలమును లెక్కించుచుండెను. ఆ గడియారము మ్రోగిన ప్రతిసారి, "విన్నాను" అని తెలుపుటకై విండోసు ఈ ద్వారములను తట్టవలెను. అసలు యంత్రమునందు అది క్షణికమైన పని. కల్పితయంత్రమున గడియారమే కల్పితము గాన, తట్టిన ప్రతిసారి కాపరి లేచి గడియారమువలె నటింపవలెను.

దీనికి మందు విండోసువారే కనిపెట్టియుంచిరి. మైక్రోసాఫ్ట్ సంస్థవారి సొంత హైపర్‌వైజరునకు హైపర్-వీ యని పేరు. తాను హైపర్-వీ లోపల నున్నానని తెలిసినచో విండోసు పాత గడియారమును వదలి, తక్కువ శ్రమతో పనిచేయు ప్రత్యేక గడియారమును వాడును. కేవీయము కూడ ఆ గడియారమును అతిథికి చూపగలదు. మేము అతిథి యొక్క వివరపత్రమున హైపర్-వీ క్లాక్, వీపీ-ఇండెక్స్, సినిక్, ఎస్-టైమర్ అను నాలుగింటిని చేర్చి, హెచ్-పీ-ఈ-టీ అను మఱొక పాత గడియారమును తొలగించితిమి. తరువాత అతిథిని పూర్తిగా ఆపి మఱల ప్రారంభించితిమి. 25 ఉన్న అంకె 8 కి దిగెను.

ఎనిమిదియు అధికమే. మిగిలినది ఎచ్చటిదని వెదకగా మౌసు కనబడెను. అతిథి తెరపై మౌసు సరిగా కదలుటకై టాబ్లెట్ అను కల్పితమైన యూఎస్‌బీ పరికరమును తగిలింతురు. యూఎస్‌బీ యొక్క పాత పద్ధతి ప్రకారము సెకనునకు 1000 మారులు, "నీయొద్ద నేమైన కలదా?" యని పరికరము నడుగవలెను. మౌసు కదలకున్నను ఆ యడుగుట యాగదు. మేము ఆ పరికరమును ఎక్స్-హెచ్-సీ-ఐ అను క్రొత్తరకపు యూఎస్‌బీకి మార్చితిమి. ఈ పద్ధతియందు మాటిమాటికి నడుగవలసిన యావశ్యకత లేదు. మూడు యంత్రములు 2 కు దిగెను.

నాలుగవ యంత్రము మాత్రము 7 వద్దనే నిలిచెను. ఒకే తీరున సిద్ధపఱచిన నలుగురిలో నొకడే వేఱుగా నున్నచో, ఆ యొకనిలో నేదియో విశేషముండవలెను. విండోసునందు పవర్-సీ-ఎఫ్-జీ అను ఉపకరణము కలదు. దానిని ఎనర్జీ అను పదముతో నడిపినచో, గడియారమును వేగపఱచిన కార్యక్రమము లేవియో పట్టిక వ్రాసియిచ్చును. విండోసు గడియారము సాధారణముగా సెకనునకు 64 మారులు మ్రోగును. చలనచిత్రములను, శబ్దమును నడపు కార్యక్రమములు దీనిని సుమారు 1000 కి పెంచుమని కోరవచ్చును. 2020లో వచ్చిన విండోసు 10 రూపమునుండి ఒకరి కోరిక తక్కిన కార్యక్రమములకు వర్తింపదు. కాని కోరినదానికి వర్తించుచునే యుండును.

ఆ పట్టికయందు ఒక పాఠ్యచిత్రముల కార్యక్రమపు పేరు కనబడెను. దానిని సగములో నిలిపి, మూయక విడిచినవారు మేమే. సెలవులకు ముందటి సాయంకాలమున ఎనిమిదవ తరగతికి భూగోళపాఠము చెప్పుచు గంట మ్రోగగా లేచిపోయితిమి. ఆ బాలుడు దాచెనన్న యాట కార్యక్రమము ఏ యంత్రమునందును లేదు.

మూడవ యతిథి: పాత లైనక్సు

గ్రంథాలయపు పట్టిక నడచు లైనక్సు 2.6.18 కెర్నెలు గలది. రెడ్ హ్యాట్ అయిదవ వరుసకు చెందినది. అది ఊరకున్నపుడు గడియారమును ఆపు పద్ధతి రాక పూర్వపుది. దానికి రెండు కల్పిత ప్రాసెసరులు; సెకనునకు రెండువేల పిలుపులు. ఈ వరుసవారు అతిథులకొఱకే డివైడర్ అను నొక యేర్పాటును కల్పించిరి. ప్రారంభపు వాక్యమున డివైడర్ పది యని వ్రాసినచో 1000 ని 10 చే భాగింపగా 100 మాత్రమే మిగులును. పట్టిక చూచుటకు ఒక్క ప్రాసెసరే చాలును గాన రెండవదానిని తీసివేసితిమి. రెండువేలు నూఱయ్యెను, 15 ఉన్న అంకె 3 అయ్యెను. ఈ వరుసకు 2017 మార్చితో సాధారణ మరమ్మతులు నిలిచిపోయినవి గాన దానిని బయటివలతో కలుపక, క్రొత్త లైనక్సునకు పట్టికను మార్చు పని మొదలుపెట్టితిమి.

కాపరి స్వభావము

ఇంతవఱకు అతిథుల సంగతి. ఇక కాపరి. అతిథి హాల్ట్ అనినను కేవీయము వెంటనే నిద్రింపదు. మఱల పిలుచునేమో యని కొంచెముసేపు మేల్కొనియే చూచుచుండును. ఇంటెల్, ఏయమ్‌డీ యంత్రములపై ఈ వేచియుండుకాలము ఎక్కువలో నెక్కువ 200 మైక్రోసెకనులు, అనగా సెకనులో అయిదువేలవ వంతు. పిలిచినపుడు త్వరగా బదులు చెప్పుటయే దీని ప్రయోజనము. కాని పిలుపులు తఱచైనపుడు ఈ వేచియుండుట యంతయు చేరి ప్రాసెసరు నిండినట్లు కనబడును. దీనిని సున్నకు తగ్గించినచో అంకె దిగును. బదులు కొంచె మాలస్యమగును. అంగడి లెక్కలు క్షణములో తేలవలసినచోట నిట్లు తగ్గించుట తగదు. బ్యాటరీపై నడచు పాఠశాలలో రాత్రివేళల తగ్గించుట తగును. మేమట్లే చేసితిమి. ఇది దోషము కాదు, స్వభావము. కొలతలో కనబడినదెల్ల రోగమని తలంపరాదు.

ఫలము

అన్ని మార్పులును ముగిసి, ఆ పాఠ్యచిత్రమును మూసిన పిదప మొత్తము 215 ఉన్న అంకె 13 అయ్యెను. పంకా చప్పుడు తలుపువఱకును వినబడుట లేదు. కరెంటు పోయినపుడు బ్యాటరీలు మఱల మూడు గంటలు నిలుచుచున్నవి. క్రొత్త యంత్రము కొనలేదు. గ్రంథాలయపు ధనము గ్రంథాలయమునకే మిగిలెను. ఇందుకై మాకు పట్టినది నాలుగు సాయంకాలములును, ఒక చిన్న పుస్తకమును.

బడి తెఱచిన మొదటిదినమున ఆ బాలుని పిలిచి, జరిగినదంతయు అతని తరగతి యెదుటనే చెప్పి, ఊరకున్నందుకు మన్నింపు కోరి, తాళపుచెవి నిచ్చివేసితిమి. అతడు పుస్తకమును తిరుగవేసి, "అయ్యా, నాలుగవ యంత్రం దగ్గర మీరు మార్చిన తరువాత రాశారు గాని, మార్చే ముందు ప్రాసెసరు వేగం రాయడం మరచిపోయారండి" అనెను. నిజమే. నియమము పెట్టినవారమే తప్పితిమి. ఇపుడు ప్రతి శనివారము కొలతలు వ్రాయు పని అతనిదే.

ఊరకున్నట్లు కనబడుట వేఱు, ఊరకుండుట వేఱు. లోపలివాని మాటయు బయటివాని మాటయు భేదించినపుడు ఒకడు కల్లలాడుచున్నాడని తీర్పు చెప్పుటకు ముందు, ఇరువురును దేనిని కొలిచిరో విచారింపవలెను. కొలువకమునుపు యంత్రముమీద గాని మనుష్యునిమీద గాని నేరము మోపరాదు.

అభ్యాసప్రశ్నలు

1. ఎనిమిదిమంది యతిథులకు ఒక్కొక్కరికి రెండు కల్పిత ప్రాసెసరులు కలవు. గడియారము సెకనునకు 250 మారులు మ్రోగినచో మొత్తము పిలుపు లెన్ని? 100 కి తగ్గించినచో ఎన్ని?

2. నాలుగు ప్రాసెసరుల యాతిథేయిపై టాప్ 100 అని చూపెను. మొత్తము శక్తిలో నది యెన్నవ వంతు?

3. అతిథిలోపల నూటికి 90 అనియు, బయట కూడ నంతే యనియు కనబడినచో, మీరు రాకపోకలను వెదకుదురా, లోపలి కార్యక్రమములను వెదకుదురా? కారణము వ్రాయుడు.

4. రాత్రి దీపము లన్నియు ఆర్పినను మీ యింటి కరెంటు మీటరు కదలుచున్నది. ఏ వస్తువువలన కదలుచున్నదో, ఒకసారి ఒక్క మార్పే చేయుచు, ఎట్లు కనుగొందురో మీ తలిదండ్రులతో కలిసి చేసి చూచి, కొలతలతో వ్రాసి తెండు.